ఇంటర్న్‌షిప్‌కి జర్మనీ వెళ్తున్న మన వైజాగ్ పిల్లలకి: శని, ఆదివారాలు ఎలా తిరగాలంటే

ఈ మధ్య మద్దిలపాలెంలో మా ఇంటికి ఎవరో ఒక జూనియర్ వస్తూనే ఉన్నారు. "అక్కా, ఇంటర్న్‌షిప్ వచ్చింది, వీకెండ్స్‌లో ఎన్ని దేశాలు చుట్టేయొచ్చు?" అన్నదే అందరి మొదటి ప్రశ్న. నేను 2025 మేలో వెళ్లి జూలై చివరిదాకా డ్రెస్డెన్‌లో ఒక ల్యాబ్‌లో పనిచేశాను. మొదట్లో నేనూ దేశాల లెక్కే వేసుకున్నాను. రెండు వీకెండ్లు బస్సుల్లో నిద్రపోయి, సోమవారం ల్యాబ్‌లో కళ్లు తెరవలేక, ఆ లెక్క మానేశాను. తర్వాత ఎల్బే నది పక్కన ఒకే కొండకి మూడుసార్లు వెళ్లాను. ఇప్పుడు కళ్లు మూసుకుంటే కనిపించేది ఆ కొండే. అందుకే ముందు దగ్గరి ఊళ్లు చూడండి, దూరపువి తర్వాత.

దగ్గరి ఊళ్లకి మీకు కావలసింది డాయిచ్‌లాండ్ టికెట్. నెలకి ఒకసారి కడితే దేశమంతా రీజినల్ రైళ్లు, ఎస్-బాన్ (ఊరికీ చుట్టుపక్కలకీ తిరిగే లోకల్ రైళ్లు), ట్రామ్‌లు, సిటీ బస్సులు అన్నీ ఎక్కొచ్చు. నేనున్నప్పుడు 58 యూరోలు, అంటే అప్పటి లెక్కలో దాదాపు 5,600 రూపాయలు. 2026 జనవరి నుంచి 63 యూరోలు చేశారు. వేగంగా పోయే ఐసీఈ, ఐసీ రైళ్లలో ఇది చెల్లదు, ఆ సంగతి గట్టిగా గుర్తుంచుకోండి. ఇంకో సంగతి: ఇది నెలనెలా దానంతట అదే కొనసాగే చందా. ఆఖరి నెలలో 10వ తేదీలోపు రద్దు చేయకపోతే ఇంటికొచ్చేశాక కూడా ఇంకో నెల డబ్బులు కట్ అవుతాయి. వెళ్లిన రోజే ఫోన్‌లో అలారం పెట్టుకోండి. టికెట్ ఉండేది ఫోన్‌లోనే కాబట్టి పవర్ బ్యాంక్ లేకుండా గడప దాటొద్దు. టికెట్ లేకుండా దొరికితే జరిమానా 60 యూరోలు. దాంతో మనిషికి వారం సరుకులొస్తాయి.

రైలు ఎక్కేముందు బోగీ మీద రాసింది చదవండి. ఒక శనివారం నేను సరైన ప్లాట్‌ఫామ్ మీద, సరైన టైమ్‌కి, సరైన రైలే ఎక్కాను. కిటికీ పక్కన కూర్చుని పులిహోర డబ్బా మూత తీశాను. మధ్యలో ఒక స్టేషన్‌లో ఏదో అనౌన్స్‌మెంట్ వచ్చింది, నాకు అర్థం కాలేదు. రైలు రెండు ముక్కలైంది. ముందు బోగీలు నేను వెళ్లాల్సిన ఊరికి పోయాయి, నేను కూర్చున్న వెనక బోగీలు ఇంకోవైపు తిరిగాయి. మన దగ్గర లింక్ ఎక్స్‌ప్రెస్ పెట్టెలు విడదీసేవాళ్లు కదా, అలాగన్నమాట. ఎదుటి సీటులో పెద్దావిడ నా మొహం చూసి, నా ఫోన్ తీసుకుని, ఎక్కడ దిగి ఏ రైలు పట్టుకోవాలో మ్యాప్‌లో వేలితో గీసి చూపించింది. రెండు గంటలు పోయాయి. ఆ రోజు నుంచి తలుపు పక్కనున్న తెరమీద ఊరి పేరు చూడకుండా కాలు పెట్టలేదు.

మీరు డ్రెస్డెన్ వైపు వెళ్తే, నేను మూడుసార్లు వెళ్లానన్న ఆ కొండ, బాస్తై, తప్పకుండా చూడండి. ఎస్1 అనే ఎస్-బాన్ రైల్లో రాథెన్ స్టేషన్‌కి ముప్పావుగంట లోపే. దిగగానే ఎదురుగా నది ఉంటుంది. దాటడానికి మన గోదావరి పంటులాంటి పడవ. దాన్ని నేను మొదటిసారి ఎక్కినప్పుడు ఏదో తేడాగా అనిపించింది, కాసేపటికి తెలిసింది, ఇంజిన్ చప్పుడు లేదు. ఎగువన నదిలో లంగరు వేసిన పొడవాటి ఇనుప తాడుకి పడవని కట్టారు. నడిపే మనిషి దాన్ని ప్రవాహానికి కాస్త ఏటవాలుగా తిప్పుతాడు, నీళ్లే అవతలి ఒడ్డుకి తోసేస్తాయి. సైకిళ్లు, చంటిపిల్లల బళ్లు, కుక్కలు, అందరం నిశ్శబ్దంగా దాటాం. నేను మెకానికల్ చదివాను. అయినా ఆ పడవ ముందు చిన్నపిల్లలా నిలబడిపోయాను. వెనక్కి వచ్చేటప్పుడు ఆ తాడు నీళ్లలోంచి లేచే చోటునే చూస్తూ కూర్చున్నాను.

అక్కణ్ణుంచి మెట్లదారి. సింహాచలం మెట్లు ఎక్కిన కాళ్లకి పెద్ద కష్టం కాదు, గంటలోపు పైకి చేరతారు. పైన ఇసుకరాతి స్తంభాల మధ్య 1851లో కట్టిన రాతి వంతెన, ఎల్బే నదికి 194 మీటర్ల ఎత్తున. పదకొండు దాటితే జనం మామూలుగా ఉండరు, కాబట్టి ఏడింటి రైలుకే బయల్దేరండి. మూడోసారి నేను వెళ్లింది జూలైలో. ఇక్కడ ఆషాఢ పౌర్ణమికి మావాళ్లంతా 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ చేసి ఫొటోలు పంపారు, నాకు ఆ ఏడాది తప్పిపోయింది. ఆ శనివారం ఎల్బే కొండల్లో సాయంత్రం దాకా ఒక్కదాన్నే నడిచాను. మనసు కుదుటపడింది.

తిండి సంగతి శుక్రవారం సాయంత్రమే చూసుకోవాలి. ఆదివారం అక్కడ సూపర్ మార్కెట్లు మూసేస్తారు, పెద్ద స్టేషన్లలో ఉన్న షాపులు తప్ప. శుక్రవారం బియ్యం, పెరుగు, పళ్లు తెచ్చేసుకుని, రాత్రే నిమ్మకాయ పులిహోర కలిపి పెట్టుకోండి. పొద్దున్నకి ఇంకా బావుంటుంది. బయట కొన్న నీళ్ల సీసా పారేయకండి, ప్లాస్టిక్ సీసాకి 25 సెంట్లు డిపాజిట్ ఉంటుంది, మార్కెట్లో మెషీన్‌లో వేస్తే తిరిగి ఇస్తారు.

ఇక్కణ్ణుంచి కరివేపాకు పొడి, కందిపొడి, ఆవకాయ తీసుకెళ్లండి. ఆవకాయని రెండు జిప్ కవర్లలో వేసి, టేప్ చుట్టి, చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు. పాల పదార్థాలు మన దేశం నుంచి లగేజీలో తీసుకెళ్లడాన్ని యూరోపియన్ యూనియన్ ఒప్పుకోదు. పచ్చి కరివేపాకూ అంతే. అమ్మ ఎంత బతిమాలినా సరే.

దూరం వెళ్లాలనిపిస్తే చెక్ దేశ రాజధాని ప్రాగ్ వెళ్లండి. డ్రెస్డెన్ నుంచి రైల్లో రెండున్నర గంటల లోపే. దానికి వేరే టికెట్ కొనాలి, ముందుగా కొంటే చవక. చెక్ దేశం కూడా షెంగెన్‌లోదే (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు) కాబట్టి మళ్లీ వీసా అక్కర్లేదు. కానీ ఒరిజినల్ పాస్‌పోర్ట్ జేబులో ఉండాలి, ఫోన్‌లో ఫొటో సరిపోదు. 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నింటిలో తనిఖీలు పెట్టింది. తిరిగి వస్తుంటే పోలీసులు మా బోగీలోకి వచ్చి అందరివీ చూశారు. టెన్షన్ పడేదేం లేదు, కాగితాలు సరిగ్గా ఉంటే అర నిమిషం పని. ప్రాగ్‌లో నడిచే డబ్బు యూరో కాదు, కొరునా, అయినా చాలాచోట్ల కార్డు నడుస్తుంది.

జూన్‌లో రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురు ఉంటుంది. మన ఆర్కే బీచ్‌లో ఆరున్నరకే చీకటి పడటం అలవాటైన మనకి, ఇంకా సాయంత్రమేలే అనిపిస్తుంది. వెలుతురు చూసి కాదు, గడియారం చూసి తిరుగు రైలు పట్టుకోండి. చిన్న ఊళ్ల నుంచి రాత్రిపూట రైళ్లు పలచబడతాయి.

ఇంటికి ఫోన్ అక్కడి సాయంత్రం ఆరింటిలోపే చెయ్యండి, ఎండాకాలం తేడా మూడున్నర గంటలు, అప్పటికే ఇక్కడ తొమ్మిదిన్నర. బాస్తై వంతెన మీద నుంచి నేను వీడియో కాల్ చేస్తే అమ్మ చూసింది నదిని కాదు. "ఏటే, ఆ గోడకి అంత దగ్గరగా నిలబడ్డావు? ఎనక్కి జరుగు" అంది. నాన్న నది పేరు నా చేత రెండుసార్లు చెప్పించుకుని, గోడ మీది క్యాలెండర్‌లో ఆ ఆదివారం గడిలో రాసుకున్నారు.