సెర్చ్ కొడితే ఏమీ రాలేదు సార్!

తిరుపతిలో ఓ హైస్కూలు లైబ్రరీ చూసుకుంటున్నాను. ప్రాజెక్టుల సీజన్ మొదలై, పిల్లలు డిజిటల్ లైబ్రరీ సైట్లలో వెతుకుతుంటే కంప్యూటర్ల దగ్గర రోజూ వినిపించే మాట ఇదే. చాలాసార్లు సైటు బాగానే ఉంటుంది, అడిగే తీరులోనే తేడా.

సమస్య: ఒక్క రిజల్టూ రాదు

"తిరుపతి జిల్లాలో వందేళ్ల కిందట చెరువులు ఎలా ఉండేవి" అని ప్రశ్న మొత్తం టైప్ చేసేస్తారు. నేషనల్ డిజిటల్ లైబ్రరీ లాంటివి ఎక్కువగా పేరు, రచయిత, విషయం అనే వివరాల్లో మన మాటలు ఉన్నాయా అని చూస్తాయి. కాబట్టి రెండు మూడు మాటలు చాలు.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. వందేళ్ల కిందట తిరుపతి జిల్లాయే లేదు! అది ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. 2011 జనాభా లెక్కల్లో తిరుపతి ఊరి వివరాలు కావాలన్నా చిత్తూరు జిల్లా కిందే వెతకాలి. పోనీ చిత్తూరు జిల్లా ఎప్పటిదంటే 1911 నాటిది. అంతకుముందు తిరుపతి, చంద్రగిరి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి, మదనపల్లె కడప జిల్లాలో. అందుకే ముందు ఏ సంవత్సరం సంగతి కావాలో తేల్చుకుని, ఆ నాటి జిల్లా పేరుతో వెతకమంటాను. ఈ జిల్లాల పేర్లన్నీ అట్టమీద రాసి గోడకు అంటించాక నాకు సగం తలనొప్పి తగ్గింది.

స్పెల్లింగులూ మార్చి చూడాలి. ఇంగ్లిషులో తిరుపతిని చివరి 'తి'లో 'హెచ్' పెట్టీ రాస్తారు, పెట్టకుండానూ రాస్తారు. స్వర్ణముఖి నది కొన్నిచోట్ల సువర్ణముఖి. ఎర్రచందనం మీద సైన్స్ వ్యాసాలు కావాలంటే టెరోకార్పస్ శాంటలైనస్ (Pterocarpus santalinus) అనే శాస్త్రీయ నామాన్ని ఇంగ్లిషులో కొట్టండి. రెడ్ శాండల్‌వుడ్ అంటే శ్రీగంధం కూడా కలిసి వచ్చేస్తుంది.

సమస్య: పేరు కనిపిస్తుంది, పుస్తకం తెరుచుకోదు

డిజిటల్ లైబ్రరీలో ఉన్నది చాలావరకు చిరునామానే. అసలు ప్రతి వేరే సైటులో ఉంటుంది, కొన్నింటికి చందా కట్టాలి. వ్యాసం పేరును పరిశోధన వ్యాసాలు వెతికే గూగుల్ స్కాలర్‌లో వేసి, కింద కనిపించే 'అన్ని వెర్షన్లు' నొక్కితే ఒక్కోసారి ఉచిత ప్రతి దొరుకుతుంది. పీహెచ్‌డీ గ్రంథాలకు శోధగంగ అనే సైటు ఉంది. అందులో అధ్యాయాలు విడివిడిగా ఉంటాయి. పిల్లలకు మొదటిదీ చివరిదీ చాలు, మొత్తం చదవమంటే పారిపోతారు.

సమస్య: తెలుగు పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే పిచ్చి అక్షరాలు

ఆ పేజీని అను లాంటి పాత ఫాంట్లలో కట్టి ఉంటారు, అది అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ కాదు. స్కాన్ చేసిన పుస్తకమైతే అది వట్టి బొమ్మ, అక్షరాలే ఉండవు. రెండింట్లోనూ లోపలి మాటలు సెర్చ్‌కు దొరకవు. బొమ్మలోని అక్షరాలు చదివే గూగుల్ లెన్స్‌తో తీయొచ్చు గానీ ఒత్తులు, దీర్ఘాలు సరిచూసుకోవాలి. నేనైతే చూసి చేత్తో రాసుకోమంటాను. కాపీ కొట్టే బెడదా తగ్గుతుంది.

సమస్య: లాగిన్ దగ్గరే పీరియడ్ అయిపోతుంది

ధ్రువీకరణ మెయిల్ స్పామ్‌లో పడి ఉంటుంది, ముందు అక్కడ చూడండి. రిజిస్ట్రేషన్ పనంతా ముందురోజే ముగించాలి.

సమస్య: అందరూ ఒకే పుస్తకం తెరవగానే నెట్ ఆగిపోతుంది

స్కాన్ పుస్తకాల ఫైళ్లు బాగా పెద్దవి. సాయంత్రం బడి వదిలాక ఒక సిస్టమ్‌లో దింపి, పెన్‌డ్రైవ్‌తో మిగతావాటిలో వేసేయండి. ఫైలు పేరులో పుస్తకం పేరు, సంవత్సరం పెట్టండి, లేదంటే మర్నాడు మళ్లీ "ఏది సార్?" అని మొదలవుతుంది.