పేరు చెప్పి పంపే పాత కస్టమర్లకు కృతజ్ఞత: ఎక్కడ పొరపాటు జరుగుతుంది, ఎలా సరిదిద్దుకోవాలి

విజయవాడలో కొండపల్లి బొమ్మలు అమ్మే మావంటి చిన్న దుకాణాలకు బేరాన్ని తెచ్చిపెట్టేది ప్రకటనలు కాదు, పేరంటాలు. సంక్రాంతికో దసరాకో ఒక ఇంట్లో బొమ్మల కొలువు పెడతారు, పసుపు కుంకుమలకు వచ్చినవారిలో ఒకరు అంబారీ ఏనుగును చేతిలోకి తీసుకుని "ఎక్కడ కొన్నారండీ?" అని అడుగుతారు, ఆ ఇంటావిడ మన పేరు చెబుతారు. ఆ మాటకు మనం కృతజ్ఞత చెప్పే తీరు సరిగా లేకపోతే ఆమె రెండోసారి మన పేరు ఎత్తరు. మా దుకాణంలో నాకు ఎదురైన ఇబ్బందులను, వాటికి నేను కనుక్కొన్న కారణాలను ఇక్కడ వివరిస్తున్నాను.

సమస్య: కొత్తవారు వస్తున్నారు కానీ, ఎవరు పంపారో తెలియడం లేదు

దీనికి కారణం మనం అడగకపోవడం, లేదా అడగకూడని సమయంలో అడగడం. డబ్బు చెల్లించి సంచి చేతికి తీసుకున్న మనిషిని "మిమ్మల్ని ఎవరు పంపారు?" అంటే ఆరా తీసినట్లు ఉంటుంది. బొమ్మలు ఎంచుకుంటున్నప్పుడే "మా బొమ్మలు ఎవరింట్లో చూశారండీ?" అని అడగండి. పేరు మాత్రమే కాదు, ఏ బొమ్మ చూసి ముచ్చటపడ్డారో కూడా వారే చెబుతారు. ఆర్డర్ల పుస్తకంలో దీనికోసం ఒక గడి గీసుకోవాలి. మా పుస్తకంలో ఒక వరుస ఇలా ఉంటుంది: "దశావతారాల సెట్టు, చిన్నది. సత్యనారాయణపురం టీచరుగారింట్లో కల్లుగీత బొమ్మ చూసి వచ్చారు." ఈ చివరి వాక్యం లేకపోతే తర్వాత చెప్పే కృతజ్ఞత ఎంత పెద్దదైనా పొడిగా ఉంటుంది.

సమస్య: బహుమతి ఇవ్వడం మొదలుపెట్టాకే పంపడం మానేశారు

నన్ను ఎక్కువ బాధపెట్టిన సమస్య ఇదే. ఒక ఏడాది, మా దుకాణానికి ఒకరిని పంపినవారికి తర్వాతి కొనుగోలులో వంద రూపాయలు తగ్గిస్తామని కూపన్లు అచ్చు వేయించాను. పైన చెప్పిన టీచరుగారు అప్పటికే ఎన్నో కుటుంబాలను మా దగ్గరకు పంపి ఉన్నారు. కూపన్ ఇస్తే మారుమాట లేకుండా పర్సులో పెట్టుకున్నారు. ఆ తర్వాత ఆమె పేరు చెప్పి ఎవరూ రాలేదు. సంక్రాంతి ముందు తన కోసం ఎడ్లబండి కొనడానికి వచ్చి, పూర్తి డబ్బు ఇచ్చి, నలగని ఆ కూపన్‌ను బల్లమీద పెట్టి, "నేను కమీషన్ కోసం చెప్పలేదమ్మా" అన్నారు.

ఆమె మా పేరు చెప్పినప్పుడల్లా తన మాటను పూచీగా పెట్టారు. బొమ్మ బాగుంటే "మంచిచోటు చెప్పారు" అన్న పేరు ఆమెకు దక్కుతుంది, ఆమె కోరుకున్నది అంతే. దానికి నేను వంద రూపాయల వెల కట్టాను. పైగా కూపన్ సంగతి కొత్తవారికి తెలిస్తే, ఆమె ఇచ్చిన సలహా మీదే అనుమానం వస్తుంది. ఆమె పంపడం మానేయడంలో న్యాయం ఉంది.

దీనికి పరిష్కారం మన పనిలోనే దొరుకుతుంది. బొమ్మలు చెక్కగా మిగిలిన తెల్లపొణికి అనే తేలికైన కర్ర ముక్కలతో చిన్న చిలుకలను, లేగదూడలను కొండపల్లిలోని మా పనివారితో చేయిస్తున్నాను. రంపపు పొట్టును చింతగింజల పిండితో కలిపిన మక్కుతో చెవులు, తోక అతికి, సున్నం పూత ఆరాక రంగు వేస్తారు. మనిషిని బట్టి బొమ్మను ఎంచాలి: పల్లెటూరి సెట్టు ఉన్నవారికి దూడ, దశావతారాలు మాత్రమే ఉన్నవారికి చిలుక. అమ్ముడుపోని సరుకును, రంగు చెదిరినదాన్ని ఎన్నడూ ఇవ్వకూడదు. ఇంట్లో ఇన్ని బొమ్మలున్నవారు దాన్ని క్షణంలో గుర్తిస్తారు. వెంట చేతిరాతతో ఒక చీటీ ఉండాలి. టీచరుగారికి నేను రాసింది ఇది: "మీ కల్లుగీత బొమ్మను చూసి వచ్చినవారు నిన్న దశావతారాలు తీసుకెళ్లారు. వారి పాప నరసింహస్వామిని చేతిలోంచి వదల్లేదు. మీ మాట మీద నమ్మకంతో వచ్చినందుకు మాకు చాలా సంతోషం." ఇక్కడితో ఆపాలి. "ఇంకా పంపండి" అని చేర్చితే కృతజ్ఞత కాస్తా అభ్యర్థన అవుతుంది.

తగ్గింపు అసలు పనికిరాదని నా ఉద్దేశం కాదు. పెళ్లిళ్లకు రిటర్న్ గిఫ్టులు కుదిర్చిపెట్టేవారికి అది వృత్తి. వారితో ముందే మాట్లాడుకుని, అనుకున్నది బిల్లులో రాసి ఇవ్వడమే మర్యాద.

సమస్య: కృతజ్ఞత చెప్పినా ఆనందించినట్లు కనిపించడం లేదు

తరచుగా దీనికి కారణం ఆలస్యం. బహుమతి సిద్ధమయ్యాక చెబుదామని నెల గడిపేస్తాం. కొత్తవారు వచ్చిన రోజు సాయంత్రమే ఫోన్ చేసి రెండు మాటలు చెప్పండి, వస్తువు తర్వాత ఇవ్వవచ్చు. శరన్నవరాత్రులలో ఇంద్రకీలాద్రి, వన్‌టౌన్ వైపు రద్దీ వల్ల ట్రాఫిక్ మళ్లిస్తారు కనుక, ఆ రోజుల్లో ఇంటికి తెచ్చి ఇస్తామని మాట ఇవ్వకపోవడం మేలు.

సమస్య: ఒకే అపార్టుమెంటులో ఇద్దరి మధ్య మనస్పర్థ వచ్చింది

బిల్లు మొత్తాన్ని బట్టి బహుమతి పరిమాణం మార్చామన్నమాట. అందరికీ ఒకే స్థాయి బొమ్మ ఇవ్వండి. వచ్చినవారు ఏమీ కొనకుండా వెళ్లినా, పంపినవారికి ఫోన్ మాత్రం తప్పక చేయండి.

సమస్య: వాట్సాప్ స్టేటస్‌లో ఫోటో పెట్టి ధన్యవాదాలు చెబితే నొచ్చుకున్నారు

అడగకుండా పెట్టాం, అంతే. వెంటనే తీసేసి, ఫోన్‌లో క్షమాపణ చెప్పాలి.

సమస్య: పాత కస్టమరు పంపగా వచ్చినవారికి అమ్మిన బొమ్మ పగిలింది

పొణికి కర్రలో తడి పూర్తిగా ఆరకముందే చెక్కితే తర్వాత నెర్రెలిస్తుంది. పండుగ తొందరలో మేమూ ఒకసారి అలాంటి ఎద్దుల జతను ఇచ్చాం. కొన్నవారు మాకంటే ముందు, మమ్మల్ని సూచించిన ఆవిడకు ఫిర్యాదు చేశారు. ఆమె తలవంపులకు కారణం మేమే. ఇలాంటప్పుడు చేయవలసిన పనులకు ఒక వరుస ఉంది. మొదట కొన్నవారి ఇంటికి వెళ్లి బొమ్మ మార్చాలి. అదే రోజు, పంపినవారికి ఫోన్ చేసి, తప్పు ఎక్కడ జరిగిందో, ఏం చేశామో చెప్పాలి; "వారు సరిగా వాడలేదు" అన్న మాట నోట రాకూడదు. బహుమతిని మాత్రం అప్పుడు పంపకూడదు, నోరు మూయించడానికి ఇచ్చినట్లు ఉంటుంది. మేము కొత్త ఎద్దుల జతను ఇచ్చి వచ్చాం, ఆవిడకు చెప్పాం. ఆమె కోసం పక్కన పెట్టిన దూడను, కొత్త ఎద్దులు నెర్రెలివ్వకుండా రెండు నెలలు నిలిచాయని కొన్నవారి నోట విన్న తర్వాతే తీసుకెళ్లి ఇచ్చాం.