పిల్లల డాక్టర్‌ను ముందే చూసి పెట్టుకోండి

బిడ్డకు అర్ధరాత్రి జ్వరం వచ్చాక డాక్టర్ కోసం వెతకడం మహా టెన్షన్. ఆరు వారాల టీకా నాటికే దగ్గర్లో ఒకరిని చూసి పెట్టుకోండి. పిల్లల వైద్యంలో ప్రత్యేక చదువులైన ఎం.డి. పీడియాట్రిక్స్, డి.ఎన్.బి. పీడియాట్రిక్స్ లేదా డి.సి.హెచ్. (డిప్లొమా) చదివారా చూడండి, రిజిస్ట్రేషన్‌ను రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో సరిచూసుకోవచ్చు. డిగ్రీ తర్వాత నేను చూసేది ఒకటే: బిడ్డను తూచి, ఆ బరువును బట్టి మోతాదు రాస్తున్నారా? పారాసిటమాల్ కూడా బరువును బట్టే ఇవ్వాలి, పైగా చుక్కల మందు, సిరప్ ఒకే గాఢతలో ఉండవు. టీకాలు పీహెచ్‌సీలో ఉచితంగా వేయించినా ఆ కార్డు వెంట తీసుకెళ్లండి. ఆదివారాలు, రాత్రిళ్లు ఎవరికి ఫోన్ చేయాలో మొదటి రోజే అడిగేయండి. మూడు నెలల్లోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ గానీ, అంతకు మించి గానీ ఉంటే మాత్రం క్లినిక్ తెరిచేదాకా ఆగకండి, వెంటనే పిల్లల ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.