చక్రం తిప్పి వెనుక డిఫరెన్షియల్ రకాన్ని గుర్తించే పద్ధతి

ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో వెనుక డిఫరెన్షియల్ (మలుపుల్లో ఎడమ, కుడి చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) అసలు ఉండదు కనుక, బండి కిందికి చూసి ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజన్ శక్తిని వెనుక ఇరుసుకు చేర్చే పొడవైన కడ్డీ), దాని చివర ఇరుసు మధ్యలో ఉబ్బుగా ఉండే గుండ్రని భాగం ఉన్నాయని ముందుగా నిర్ధారించుకోవాలి. బొలెరో, స్కార్పియో వంటి బండ్లలో ఇవి స్పష్టంగా కనిపిస్తాయి.

సమతలంగా, గట్టిగా ఉన్న నేలపై బండిని నిలిపి, ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టి, వెనుక భాగాన్ని జాకీతో ఎత్తి, ఇరుసును తప్పనిసరిగా స్టాండ్లపై ఆనించాలి. హ్యాండ్ బ్రేక్ సాధారణంగా వెనుక చక్రాలనే పట్టుకుంటుంది కాబట్టి పరీక్షకు దాన్ని వదలక తప్పదు. అందువల్ల దిమ్మల విషయంలో అలసత్వం పనికిరాదు. ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే దాన్ని టూ వీల్ డ్రైవ్‌లోకి మార్చాలి.

ఇంజన్ ఆపి, గేరును న్యూట్రల్‌లో ఉంచి, ఒక చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పినప్పుడు రెండోది వ్యతిరేక దిశలో తిరిగితే అది బహుశా ఓపెన్ డిఫరెన్షియల్, అంటే రెండు చక్రాలనూ ఏ అడ్డూ లేకుండా వేర్వేరుగా తిరగనిచ్చే సాధారణ రకం. రెండూ ఒకే దిశలో తిరిగితే లిమిటెడ్ స్లిప్ (సాధారణంగా లోపలి ప్లేట్ల రాపిడితో రెండు చక్రాల వేగాల తేడాను అదుపు చేసే రకం) గానీ, పూర్తిగా లాక్ అయినది (రెండు చక్రాలనూ కలిపి ఒకే వేగంతో తిప్పేది) గానీ అయి ఉంటుంది. రెండో చక్రం కదలక ప్రొపెల్లర్ షాఫ్ట్ మాత్రమే తిరిగితే, ఆ చక్రానికి బ్రేకు కొద్దిగా రాసుకుంటూ ఉండవచ్చు. అప్పుడు మాన్యువల్ బండిని మొదటి గేరులో పెట్టి మళ్లీ ప్రయత్నించాలి: షాఫ్ట్ నిలిచిపోయి ఉంటుంది గనుక, ఓపెన్ రకంలో రెండో చక్రం ఎదురు దిశలో తిరిగి తీరుతుంది, ప్లేట్లు బాగున్న లిమిటెడ్ స్లిప్‌లో మాత్రం చక్రం చాలా బిగువుగా ఉంటుంది.

అయితే వ్యతిరేక దిశలో తిరిగినంత మాత్రాన ఓపెన్ అని తేల్చేయడం తొందరపాటు. ప్లేట్లు అరిగిపోయిన లిమిటెడ్ స్లిప్ కూడా అలాగే ప్రవర్తిస్తుంది. ప్లేట్లకు బదులు గేర్లతో పనిచేసే టోర్సెన్ రకం లిమిటెడ్ స్లిప్, బరువు పడనంతవరకు, ఓపెన్ దానిలాగే తిరుగుతుంది. 2020లో వచ్చిన థార్‌లోని కొన్ని రకాల్లో ఉన్న మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ రెండు చక్రాల వేగాల మధ్య తేడా బాగా పెరిగినప్పుడే లాక్ అవుతుంది గనుక, నెమ్మదిగా తిప్పే చేతికి అది దొరకదు. ఈ సందేహం తీరాలంటే బండితో వచ్చిన పుస్తకాన్ని, వేరియంట్ వివరాలను చూడాలి. అమెరికాలో జనరల్ మోటార్స్ పికప్ కొన్న తెలుగువారికి ఇది మరింత సులభం, ఎందుకంటే ఆప్షన్ కోడ్ల స్టిక్కర్‌పై జీ80 అని ఉంటే వెనుక లాకింగ్ డిఫరెన్షియల్ అమర్చారని అర్థం.

అప్పటికీ తేలకపోతే, నూనె మార్చే సమయంలో వెనుక మూత విప్పించి చూడటమే మిగిలిన మార్గం. మూత ముందువైపున, గేర్ల గుత్తితో కలిసి ఉండే హౌసింగ్ అయితే అది మెకానిక్ పనే. ప్లేట్ల రకం లిమిటెడ్ స్లిప్ అని తేలితే, దానికోసం ప్రత్యేకంగా చెప్పిన నూనెనే పోయించాలి, లేకుంటే మలుపుల్లో ప్లేట్లు పట్టి వదులుతూ వణుకు పుడుతుంది.