ఐస్ వైన్ కిటుకు, ఇంటి ఫ్రీజర్‌లో నల్లద్రాక్షతో

చెరకు రసంలోని నీళ్లను మంట మీద ఆవిరి చేస్తే పాకం చిక్కబడుతుంది. అవే నీళ్లను చలికి గడ్డకట్టించి వేరుచేసినా చిక్కబడుతుంది, పైగా తాజా వాసన పోదు. ఐస్ వైన్ అనే తీపి వైన్ కోసం కెనడాలోని నయాగరా ద్రాక్షతోటల్లో చేసేది ఈ రెండోదే. కాయల్ని డిసెంబరు, జనవరి దాకా తీగ మీదే ఉంచేస్తారు. చలి మైనస్ 8 డిగ్రీలకు దిగాక, ఎక్కువగా రాత్రిపూట, గోళీల్లా గట్టిపడ్డ పళ్లను కోసి కరగకముందే పిండుతారు. నీరు మంచుగా లోపలే ఉండిపోయి తేనెలాంటి రసం చుక్కలుగా దిగుతుంది. పిట్టలు తిన్నవీ కుళ్లినవీ పోగా మిగిలిన పంటలో వచ్చేది ఆ కాస్తే. అందుకే 375 మి.లీ. సీసాకు కూడా అంత ధర.

లంబసింగిలో ఎంత చలేసినా సున్నా దగ్గరే ఆగుతుంది. కాబట్టి మనకు ఫ్రీజరే దిక్కు. ఇక్కడ చెప్పేది రసం వరకే. ఈస్ట్ వేసి పులియబెడితే లైసెన్సు లేకుండా మద్యం చేసినట్టే, కేసవుతుంది.

అసలు పని ద్రాక్ష ఎంపికలో ఉంది. ఐస్ వైన్ అంటే తీపి అనుకుంటారు గానీ, దాన్ని నిలబెట్టేది పులుపు. నీరు పోయినప్పుడు తీపితో పాటు పులుపూ చిక్కబడుతుంది, అందుకే అంత చక్కెర ఉన్నా నాలుకకు మొహం మొత్తదు. గింజల్లేని తెల్లద్రాక్షతో చేస్తే వచ్చేది ఉత్త పాకం. శ్రీకాకుళం, విజయనగరం బజార్లలో గింజలున్న పుల్లటి నల్లద్రాక్ష దొరికినప్పుడు 2 కిలోలు తెచ్చుకోండి. తెల్లవే దొరికితే లీటరు రసానికి రెండు టీస్పూన్ల నిమ్మరసం కలపండి.

కాయల్ని కడిగి, తుడిచి, చేత్తో నలపండి. మిక్సీ వద్దు, గింజ నలిగితే వగరు దిగుతుంది. పల్చటి నూలుగుడ్డలో పిండితే లీటరుకు కాస్త పైగా వస్తుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పైన తేరిన రసం మాత్రం వంచుకోండి. గుజ్జు ఉంటే మంచుకు పట్టుకుని రసాన్ని దిగనివ్వదు.

తేరిన లీటరు రసాన్ని ఒకటిన్నర లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలో పోసి 24 గంటలు ఫ్రీజర్‌లో పెట్టండి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం పెరుగుతుంది, గాజు సీసా నిండుగా పోస్తే పగలడం ఖాయం.

ఆ గడ్డను జల్లెడలో బోర్లించి, కింద గిన్నె పెట్టి, మొత్తం ఫ్రిజ్‌లోనే ఉంచండి. తొందరపడి వంటింట్లో బయట పెట్టేవాళ్లే ఎక్కువ. మే నెల ఉక్కకు మంచు, రసం ఒకేసారి కరిగి మొదటికొస్తుంది. ఫ్రిజ్‌లో అయితే ముందు దిగేది చిక్కటి రసమే. జల్లెడలో గడ్డ రంగు వెలిసి తెల్లబడుతుంటే ఆపేయండి. లీటరుకు 250 నుంచి 300 మి.లీ. చాలు, ఇంకా ఆశపడితే నీళ్లే.

ఎంత చిక్కబడిందో వంటింటి తూకమే చెబుతుంది. మామూలు ద్రాక్షరసం 100 మి.లీ. సుమారు 107 గ్రాములు తూగుతుంది. నయాగరాలో పిండిన రసానికి సగటున కనీసం 35 బ్రిక్స్ ఉండాలి, అంటే 100 గ్రాముల రసంలో 35 గ్రాములు చక్కెరే. అలాంటి రసం 100 మి.లీ. సుమారు 115 గ్రాములు తూగుతుంది. ఒక విడతలో 112 వస్తే బాగా చేసినట్టే. చాలదనిపిస్తే ఆ రసాన్నే మళ్లీ గడ్డకట్టించి దింపండి.

అడుగున గాజుపెంకుల్లాంటి పలుకులు కనిపిస్తే భయం లేదు, ద్రాక్షలోని పులుపే చలికి అలా పేరుకుంటుంది. వడకట్టండి. మధ్యలో కరెంటు పోయి గడ్డ కాస్త కరిగినా మళ్లీ గడ్డకట్టించొచ్చు. బుడగలు, పులిసిన వాసన వస్తే మాత్రం పారబోయాల్సిందే. ఫ్రిజ్‌లో మూడు రోజులకు మించి ఉంచకండి.

50 మి.లీ. చిన్న గ్లాసులో చల్లగా ఇవ్వండి. పక్కన స్వీట్లు పెడితే రసం పుల్లగా, పేలవంగా అనిపిస్తుంది. నేతిలో దోరగా వేయించి ఉప్పు చల్లిన పలాస జీడిపప్పుకు సాటి లేదు, కారం మాత్రం వేయొద్దు. కెనడా నుంచి ఎవరైనా అసలు సీసా తెస్తే దానికీ ఇదే పద్ధతి, 10–12 డిగ్రీల చల్లదనం సరిపోతుంది.

జల్లెడలో మిగిలిన తెల్ల మంచులో ఇంకా కొంచెం తీపి ఉంటుంది. నిమ్మకాయ పిండి, చిటికెడు ఉప్పేసి మిక్సీలో తిప్పితే పిల్లలకు షర్బత్.