బోర్డరు ఊళ్ళలో తిరిగేవాళ్ళు వింతల పుస్తకం ఎలా రాసుకోవాలి

మాది టెక్కలి. పెళ్ళయి ఆంధ్రా బోర్డరు దాటి ఒడిశాలోని పర్లాకిమిడి వచ్చి 23 ఏళ్ళయింది. మా ఆయనకు బజార్లో స్టేషనరీ షాపు ఉంది కాబట్టి ఇంట్లో నోటుబుక్కులకు లోటు లేదు. కాపురానికి వచ్చిన మొదటి నెలలోనే ఒక 40 పేజీల పుస్తకం తీసుకుని, కొత్తగా కనిపించినదల్లా రాయడం మొదలుపెట్టాను. ఇప్పటికి 11 పుస్తకాలు నిండాయి. దసరా సెలవులకు మా ఆడపడుచు పిల్లలు హైదరాబాదు నుంచి వస్తారు. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాలన్నీ తిరిగి వందల ఫోటోలు తీసుకుంటారు. ఏడాది తిరగకుండానే ఫోను చేసి, "అత్తా, ఆ టిబెట్ వాళ్ళ గుడి ఏ ఊళ్ళో చూశాం?" అని నన్నే అడుగుతారు. వాళ్ళకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు పుస్తకం సంగతి. హ్యాండుబ్యాగులో పట్టే చిన్న పుస్తకం, రూళ్ళున్నది తీసుకోండి. బస్సులో ఊగుతూ రాసినా అక్షరం వరస తప్పదు. బాల్‌పెన్ను మంచిది, చెమటచేత్తో రుద్దుకున్నా అలుక్కుపోదు. ఒక ఊరికి ఒక్క పేజీ. పేజీ పైన ఊరి పేరు రెండు రకాలుగా రాయండి: మనం పిలిచేది, అక్కడివాళ్ళు పిలిచేది. బరంపురం, బ్రహ్మపుర్. పర్లాకిమిడి, పారళాఖెముండి. దాని కింద తేదీ, ఎలా వచ్చారో, ఏం తిన్నారో, ఎంతయిందో. ధర మాత్రం మానకండి. నా మొదటి పుస్తకంలో "టీ 2 రూపాయలు" అన్న ఒక్క ముక్క చదివితే చాలు, ఆ కొట్టూ ఆ బల్లా ఆ పొద్దుటి చలీ అన్నీ నాకు తిరిగొస్తాయి.

ఏం రాయాలన్నది అసలు ప్రశ్న. దూరదేశం వెళ్తే అన్నీ వింతగానే ఉంటాయి, రాయడం తేలిక. ఇక్కడ అలా కాదు. అన్నీ మనవాటిలాగే ఉంటాయి, వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఆ తేడాను పట్టుకోవాలి.

అందుకు రైలు మంచి బడి. నౌపడా నుంచి గుణుపురం వెళ్ళే లైన్లో ఎక్కి కిటికీ దగ్గర కూర్చోండి. పాతపట్నం స్టేషన్‌లో బోర్డు తెలుగు. తర్వాత కాసేపటికే పర్లాకిమిడి, బోర్డు ఒడియా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది, పాతపట్నం ఇటే ఉండిపోయింది. పాతపట్నం నీలమణి దుర్గమ్మ గుడికి మాత్రం మా ఊరివాళ్ళు ఇప్పటికీ సాయంత్రం షికారుకు వెళ్ళినట్టు వెళ్ళొస్తారు. ఈ లైను పర్లాకిమిడి రాజావారు వేయించినది, 1900లో మొదలైంది. కొత్తకోడలిగా నేను ఎక్కింది ఆ చిన్న రైలే. పట్టాల మధ్య రెండున్నర అడుగుల ఎడం, పెట్టెలో ఎదురెదురుగా కూర్చుంటే మోకాళ్ళు తగిలేవి. 2004లో దాన్ని ఆపేశారు, బ్రాడ్‌గేజ్ వేసి 2011లో గుణుపురం దాకా మళ్ళీ నడిపారు. మీరు ఎక్కేది పెద్ద రైలు. మోకాళ్ళ సంగతి పెద్దవాళ్ళెవరైనా పక్కన కూర్చుంటే అడగండి, ఆ లైను మీద ప్రతివాళ్ళకూ ఒక కథ ఉంటుంది.

పర్లాకిమిడి దాటాక వంశధార కనిపిస్తుంది. అక్కడివాళ్ళను నది పేరు అడగండి. "బొంశొధారా" అంటారు. మన 'వ' వాళ్ళ నోట్లో 'బ' అవుతుంది, మన 'అ' కాస్త గుండ్రమై 'ఒ' వైపు వెళ్తుంది. ఈ ఒక్క తాళంచెవి దొరికితే సగం ఒడియా అర్థమైపోతుంది. వడ కాస్తా బరా. వడియం బొడి. నా రెండో పుస్తకంలో నాలుగు పేజీలు ఇలాంటి జంటలే ఉన్నాయి. ఊరికి ఒక్క పేజీ అన్న నియమం మాటల పట్టికకు వర్తించదు, దానికి చివర్లో పేజీలు వదిలిపెట్టుకోండి.

అంకెలు మాత్రం బయల్దేరే ముందే నేర్చుకోండి. ఇది సరదాకు చెప్పడం లేదు. ఒడియా 4 చూడ్డానికి మన ఇంగ్లీషు 8 లాగే ఉంటుంది. ఓసారి మా అమ్మను ఒక గుడికి తీసుకెళ్ళాను. మధ్యాహ్నం తలుపులు వేసి ఉన్నాయి, సాయంత్రం 8కి తెరుస్తారని బోర్డు మీద చదివాను. అంతసేపు ఆగలేక, అమ్మకు దర్శనం లేకుండానే ఇంటికి తీసుకొచ్చేశాను. వాళ్ళు రాసింది 4 గంటలకని వారం తర్వాత తెలిసింది. అమ్మ ఏమీ అనలేదు గానీ, నాకు ఇప్పటికీ మనసులో ఉంది. ఒడియా క్యాలెండరు ఒకటి కొని చూస్తూ ఉంటే రెండు రోజుల్లో అంకెలు వచ్చేస్తాయి. అక్షరాల్లో 'ఠ' ఒక్కటి గుర్తుపెట్టుకోండి, అది అచ్చం మన సున్నా.

ఇక పలకరింపు. పెద్దాయనను మౌసా అనండి, పెద్దావిడను మౌసీ. మన బాబాయి, పిన్ని అన్నట్టే. "ఏయిటా కొణొ?" అంటే ఇదేమిటి, "కేతే?" అంటే ఎంత. ఈ రెండు మాటలతో మీరు నాలుగు జిల్లాలూ తిరగొచ్చు. సెలవు తీసుకునేటప్పుడు వాళ్ళు "ఆసుఛి" అంటారు. దానికి అర్థం 'వస్తున్నాను' అని. మొదటిసారి మా పక్కింటావిడ అలా అని వెళ్ళిపోతే, మళ్ళీ వస్తుందేమోనని టీ పెట్టి ఉంచాను. మన 'వెళ్ళొస్తాను'లో సగం ముక్క అది, వెళ్ళడం మాట ఎత్తరు.

టిఫిను దగ్గర తొందరపడి "ఇడ్లీ ఉందా" అని అడక్కండి. ఇడ్లీ ఎలాగూ ఉంటుంది. పక్కవాళ్ళు ఏం తింటున్నారో చూసి అదే అడగండి. బరా మీద బఠాణీల ఘుగుని పోసి ఇస్తారు, ఒక్కో ఊళ్ళో కారం ఒక్కోలా ఉంటుంది. భోజనంలో డాల్మా వస్తుంది, పప్పులో అరటికాయ, గుమ్మడి, బొప్పాయి ముక్కలు వేసి ఉడికించి జీలకర్ర పొడి చల్లుతారు. ఎండాకాలం పఖాళొ, అంటే మన చద్దన్నమే. పక్కన నలిపిన వడియాలు, కాల్చిన వంకాయ. మా అత్తగారు చద్దన్నంలో ఉల్లిపాయ కొరికేవారు, పక్కింటి మౌసీ బొడి నలుపుకునేది. మధ్యలో ఒక్క గోడ. నా పుస్తకంలో ఇష్టమైన పేజీల్లో అదొకటి.

పర్లాకిమిడి వస్తే మహారాజావారి కోట చూడండి, కానీ ఒక గంట కొమ్ముపని చేసేవాళ్ళ దగ్గర కూర్చోండి. ముందు అడిగి కూర్చోండి, చేతిపని ఆపమనకండి. పశువు కొమ్మును సెగ మీద తిప్పుతూ ఉంటారు. ఆ వాసన ఎక్కడో తెలిసినట్టే ఉంటుంది. వెంట్రుక కాలిన వాసన అది. కొమ్ము, గోరు, వెంట్రుక ఒకే పదార్థం కాబట్టి అలా వస్తుంది. వేడికి కొమ్ము మెత్తబడుతుంది, అప్పుడు చల్లారేలోపు వంచాలి. నేను చూసిన రోజు ఆయన కొంగ మెడ వంచుతున్నారు. ఒక్కసారే, పైకి తీసుకెళ్ళి కొంచెం వెనక్కి. తర్వాత ఆకురాయితో గీకుతుంటే తెల్లటి పొడి ఆయన మోకాళ్ళ మీద రాలింది. మసిబారినట్టున్న కొమ్ములోంచి గంట తిరిగేసరికి వెలుతురు కనపడే కొంగ వచ్చింది. పిల్లలకు ఇలాంటి చోట ఒక్క పని అప్పజెప్తాను: చేతులే చూడండి, మొహం చూడకండి, చేతులు చేసిన పనులు వరసగా రాయండి.

బరంపురం పేజీలో ఏమేం రాయాలో తేల్చుకోలేం. పట్టుచీర అంచున గుడి గోపురాల్లా లేచే కుంభాలున్నాయా చూడండి, వాటిని ఫొడా కుంభ అంటారు. కొనకపోయినా విప్పి చూపిస్తారు. నేతవాళ్ళ వీధుల్లో తెలుగు వినిపిస్తుంది. రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి జాతరకు అమ్మవారు నేతవాళ్ళ పెద్ద దేశిబెహెరా ఇంటికి పుట్టింటికి వచ్చినట్టు వస్తుంది. ఆ మాట విన్నప్పుడు నాకు టెక్కలి గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి, అదీ పేజీలో రాసుకున్నాను. వి.వి.గిరి పుట్టిన ఊరు ఇదే. అప్పడాలు తప్పక కొనండి.

అక్కడికి 16 కిలోమీటర్లలో గోపాల్‌పూర్. లైట్‌హౌస్, కూలిన పాత గోదాముల గోడలు అందరూ చూస్తారు. మీరు వలలు బాగుచేస్తున్న జాలర్ల దగ్గర ఆగండి. వాళ్ళను అక్కడ నోలియాలంటారు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా ఆడపడుచు పెద్ద పిల్ల కష్టపడి ఒడియాలో చేప ధర అడిగితే ఆ తాత తల ఎత్తకుండా, "ఏ ఊరు పిల్లా మీది?" అన్నాడు. సముద్రంలో మోకాలు లోతు దాటకండి, అక్కడ లోపలికి లాగే నీరుంది. ఎవరు దిగొద్దన్నా మాట వినండి.

పిల్లలు అడిగే టిబెట్ వాళ్ళ గుడి చంద్రగిరి దగ్గర జిరంగ్‌లో ఉంది, గజపతి జిల్లాయే. దారిలో తప్తపాణి వేడినీటి ఊట దగ్గర ఆగొచ్చు. టిబెటన్లు 1963లో ఇక్కడ స్థిరపడ్డారు. ఆ గుడిని, అంటే పద్మసంభవ మహావిహారాన్ని, 2010 జనవరిలో దలైలామా ప్రారంభించారు. మన కొండలు, మన మొక్కజొన్న చేలు, వాటి మధ్య రంగురంగుల జెండాలు గాలికి కొట్టుకుంటుంటాయి. ఆ చేలు వాళ్ళు సాగుచేసేవే. అక్కడ గట్టిగా మాట్లాడకండి. ఒక పావుగంట పెన్ను కూడా మూసేసి కూర్చుని, బయటికొచ్చాక రాయండి.

సవర గిరిజనుల ఊళ్ళ విషయంలో గట్టిగా చెప్తాను. ఇళ్ళ గోడల మీద ఇడితాల్ బొమ్మలుంటాయి, ఏనుగులు, గుర్రాలు, సూర్యుడు, చెట్లు. కొన్నింట్లో సైకిలు, విమానం కూడా ఉంటాయి. చూడ్డానికి ముచ్చటేస్తుంది, కానీ అవి పెద్దలకూ దేవతలకూ వేసినవి, దేవుడి గదితో సమానం. పిలవకుండా గడప దాటకండి, అడక్కుండా ఫోటో తీయకండి. ఇంట్లో మనుషుల్ని వరసలో నిలబెట్టి ఫోటో తీసేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది. 1880లో టీచరుగా పర్లాకిమిడి వచ్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలను ఇంట్లో పెట్టుకుని, వాళ్ళ దగ్గర కూర్చుని భాష నేర్చుకున్నారు. ఆ భాషకు ఇంగ్లీషులో ఆయన రాసిన వ్యాకరణం 1931లో వచ్చింది. అంత చేయలేకపోయినా ఒక్క సవర మాట, చెప్పినవాళ్ళు పలికినట్టే, రాసుకుని రండి.

కోరాపుట్ వైపు వెళ్తే కాఫీ తోటలు, శబర శ్రీక్షేత్రం అనే జగన్నాథుడి గుడి, 1,672 మీటర్ల దేవమాలి కొండ. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు బాగుంటుంది, స్వెట్టరు తప్పనిసరి.

రాత్రి లాడ్జికి చేరాక ఒక పని మిగిలి ఉంటుంది. పొద్దున రాసింది చదివి 'బాగుంది', 'సూపర్', 'అద్భుతం' అన్న మాటలు కొట్టేయండి. కొట్టేసినచోట ఏం చూసి అలా అనిపించిందో రాయండి. మా పెద్ద పిల్ల "గోపాల్‌పూర్ బీచ్ సూపర్" అని రాసింది. ఏం చూశావే అని అడిగితే కాసేపు ఆలోచించి, "తాత కాలి బొటనవేలికి వల తగిలించుకుని కుట్టాడు" అని రాసింది. ఆ పేజీ ఫోటో వాళ్ళమ్మ ఫోనులో ఇప్పటికీ ఉంది.

నమూనాకు నా పదకొండో పుస్తకంలోంచి ఒక పేజీ:

గుణుపురం, గుణుపుర్. జనవరి, ఆదివారం. రైలు. ఒక్కదాన్నే. స్టేషన్ బయట తోపుడుబండి, నడిపే ఆవిడకు అరవై దాటి ఉంటాయి. బరా రెండు, ఘుగుని, 20 రూపాయలు. ఉల్లిపాయ అరచేతిలో పెట్టుకుని తరిగింది, పలక లేదు. నాతో ఒడియా, పక్క బండివాడితో తెలుగు, బేరానికొచ్చిన సవర అమ్మాయితో ఇంకేదో భాష. మూడూ ఒకే గొంతుతో. డబ్బులిచ్చి లేస్తూ "ఆసుఛి మౌసీ" అన్నాను. నా మాటలో ఏం పట్టుకుందో, "మంచిది, వెళ్ళిరా అమ్మా" అంది.