కాటా చీటీతో ప్రోలాగ్ – 4వ పాఠం: అంకె కాదు, అంతరం

ప్రోలాగ్ అంటే నియమాలు చెబితే జవాబు తానే వెతికే లాజిక్ ప్రోగ్రామింగ్ భాష. పోయిన పాఠంలో ఎస్‌డబ్ల్యూఐ ప్రోలాగ్‌లోకి సీఎల్‌పీ‌బీఎన్ఆర్ ప్యాక్ (clpBNR, ఒక్క అంకె బదులు హద్దులతో లెక్కచేసే అదనపు సరంజామా) దించుకున్నాం. ఈసారి లెక్క దామలచెరువు మామిడి మండీ నుంచి. మా బావ తోతాపురి లోడు దించి కాటా చీటీ తెచ్చాడు. లోడుతో 7,840 కిలోలు, ఖాళీ బండి 3,260. ఆ కాటా పదుల్లోనే చూపిస్తుంది. అడిగితే, "అయిదు కిలోలు అటో ఇటో ఉంటాదిలేప్పా" అన్నాడు.

ఆ మాటే ఈ పాఠం. 7,840 అంటే నిజానికి 7,835 నుంచి 7,845 దాకా ఎంతైనా కావచ్చు. ఇలా రెండు కొసల మధ్య ఉండే విలువలన్నిటినీ కలిపి అంతరం (ఇంటర్వల్) అంటాం, తేడా అని కాదు. ఖాళీ బండి 3,255 నుంచి 3,265. కాయల బరువు అతి తక్కువ ఎంత? లోడు బరువు కింది కొసలోంచి ఖాళీ బండి పై కొసను తీయాలి: 7,835 − 3,265 = 4,570. అతి ఎక్కువ 7,845 − 3,255 = 4,590. తీసివేతలో కొసలు తారుమారవుతాయి. మొదట్లో అందరూ తప్పేది ఇక్కడే, నేనూ తప్పాను.

ఇలా అంతరాలతో లెక్కలు చేసే పద్ధతికి రామన్ మూర్ 1966లో పుస్తకమే రాశాడు. దాన్ని లాజిక్ ప్రోగ్రామింగ్‌లోకి తెచ్చినవాడు జాన్ క్లియరీ, 1987లో. జాఫర్, లాసే కలిసి నిబంధనల (కన్‌స్ట్రెయింట్) లాజిక్ ప్రోగ్రామింగ్‌కి సిద్ధాంతం కట్టిందీ ఆ ఏడే. ఒట్టావాలోని బెల్ నార్దర్న్ రిసెర్చ్ తన ప్రోలాగ్‌లో అంతరాలను పెట్టింది. మన ప్యాక్ పేరు చివరి మూడక్షరాలు ఆ సంస్థవే.

కిలో ధర 10 నుంచి 12 రూపాయలు అనుకుందాం. వ్యాపారి ఇచ్చే మొత్తం 50,000కి తగ్గదు, 52,000 దాటదు. ప్రోలాగ్‌కి ఇలా చెబుతాం:

{ 4570 =< _బరువు, _బరువు =< 4590,
10 =< _ధర, _ధర =< 12,
50000 =< _మొత్తం, _మొత్తం =< 52000,
_మొత్తం == _బరువు * _ధర }.

పేర్ల ముందు ఆ అడ్డగీత ఎందుకంటే, ప్రోలాగ్‌లో చలరాశి పెద్దక్షరంతోనో అడ్డగీతతోనో మొదలవ్వాలి. మన లిపిలో పెద్దక్షరం ఎక్కడిది?

ఇప్పుడు చివరి నిబంధనను వెనక్కి తిప్పి చూడండి. ధర అంటే మొత్తాన్ని బరువుతో భాగించగా వచ్చేది. కింది కొస 50,000 ÷ 4,590 = 10.893..., పై కొస 52,000 ÷ 4,570 = 11.378... అడగకుండానే 10–12 కాస్తా ఇంతకు కుదించుకుపోయింది. మామూలు ప్రోలాగ్‌లో లెక్క కట్టే 'ఈజ్' (is) వాడితే ఇది కుదరదు. కుడివైపు విలువలన్నీ తెలిస్తే తప్ప అది కదలదు. నిబంధనకు ముందూ వెనకా లేవు, ఎటునుంచి తెలిస్తే అటునుంచి నడుస్తుంది.

ఒక దశాంశమే ఉంచుకోవాలంటే 10.893ని బడిలో 10.9 అని సవరిస్తాం. ఇక్కడ కూడదు. 10.893కీ 10.9కీ మధ్యనున్న ధరలు జారిపోతాయి. కింది కొసను కిందికి (10.8), పై కొసను పైకి (11.4) సవరించాలి. కంప్యూటర్ దశాంశాలు నమ్మదగ్గవి కావు, 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 చూపిస్తుంది. ప్యాక్ ప్రతి మెట్టులోనూ కొసలను బయటికే జరుపుతుంది. అంతరం కాస్త వెడల్పవుతుందేమో గానీ అసలు జవాబు బయటికి పోదు.

అందుకే ఈ భాష "లేదు" అంటే నిజంగా లేనట్టే. మొత్తానికి 50,000 అనే కింది హద్దు తీసేసి, 45,000 దాటదని మార్చి చూడండి. 45,000 ÷ 4,570 = 9.85 కూడా లేదు, ధరేమో 10కి తగ్గకూడదు. అంతరం ఖాళీ, జవాబు "ఫాల్స్". "ఉంది" అన్నప్పుడు మాత్రం అంత ధీమా వద్దు. మిగిలిన అంతరంలో జవాబు ఉండొచ్చు, లేకపోవచ్చు.

ఇంకో చిక్కుంది. మండీలో తరుగు నూటికి అయిదు అనుకుందాం. నికరం = బరువు − 0.05 × బరువు అని రాసి, కాగితం మీద ముక్క ముక్కగా లెక్కేస్తే 4,340.5 నుంచి 4,361.5 వస్తుంది. 0.95 × బరువు అని రాస్తే 4,341.5 నుంచి 4,360.5. లోడు ఒకటే, తరుగు ఒకటే! మొదటి రాతలో బరువు రెండుసార్లు వచ్చింది. రెండూ ఒకే బరువని అంతరాల లెక్కకు తెలియదు. ఒకచోట 4,570, ఇంకోచోట 4,590 పెట్టుకుంటుంది. కాబట్టి చలరాశి ఒక్కసారే వచ్చేలా సూత్రాన్ని మలుచుకోండి.

ఇంటిపని: అన్నదమ్ములిద్దరూ 10 టన్నులు సమంగా పంచుకోవాలి.

_అన్న + _తమ్ముడు == 10, _అన్న == _తమ్ముడు

ఇద్దరికీ 0 నుంచి 10 ఇచ్చి కాగితం మీద కుదించండి. ఒక్క అంగుళం కూడా కదలదు, జవాబు 5 అని చంటిపిల్లాడికి తెలిసినా సరే. ఇప్పుడు అన్న వాటాను 0–4, 4–10 అని రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ విడిగా చూడండి. ఏ ముక్క ఖాళీ అయింది, రెండోది ఎంతకు కుదిరింది, రాసిపెట్టుకోండి. అయిదో పాఠం అక్కడినుంచే.